ఆమె ముందుకు వచ్చిన షమా

హైదరాబాద్ పాతబస్తీ గోడల మీద అతికించిన ముషాయిరా పోస్టర్ దగ్గర ఉర్దూ చదవగలిగినవాళ్లు ఒక నిమిషం ఆగితే, అందులో కవుల పేర్లు రెండు వరుసలుగా కనిపిస్తాయి. ఒక వరుస పైన మెహమాన్ షోరా అని ఉంటుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చే కవులన్నమాట. రెండో వరుస ముఖామీ షోరా, అంటే ఈ ఊరివాళ్లు. లక్నో నుంచో భోపాల్ నుంచో వచ్చే పెద్ద పేరు కోసం జనం వస్తారు. ఆ పేరు వినేదాకా కూర్చోబెట్టే పని మాత్రం ఊరి కవులదే. రాత్రి తొమ్మిదికి మొదలైన సభ తెల్లవారుజాముదాకా సాగిందంటే అందులో రెండు వరుసలకూ సమాన వాటా ఉంది.

ముషాయిరాకు ఒక పద్ధతి ఉంది. చిన్నవాళ్లు ముందు చదువుతారు, పెద్దవాళ్లు తరవాత, అందరికన్నా పెద్ద అతిథి చివర. దీపాల కాలంలో వెలుగుతున్న షమా ఒకటి సభలో చేతులు మారుతూ తిరిగేది. ఎవరి ముందు దాన్ని పెడితే వాళ్లు చదవాలి. శ్రోతలు ఊరికే వినరు. మొదటి పాదం చదవగానే దాన్ని గొంతు కలిపి పైకెత్తుతారు, నచ్చితే ముకర్రర్ అని మళ్లీ చదివిస్తారు, వాహ్వా అని దాద్ ఇస్తారు. తరహీ ముషాయిరా అయితే ముందుగానే ఒక పాదం ఇచ్చి, అందరూ అదే ఛందస్సులో, అదే ప్రాసలో గజల్ రాసుకు రమ్మంటారు. మన సమస్యాపూరణానికి దగ్గరి చుట్టం. అతిథి కవీ ఊరి కవీ ఒకే కొలతకు కట్టుబడి రాశాక ఎవరి పస ఎంతో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఈ షమా స్త్రీల ముందుకు చాలాకాలం రాలేదు. కవిత్వం రాసే స్త్రీలు మాత్రం ఉన్నారు. గొప్ప ఇళ్ల జనానాల్లో పర్షియన్, ఉర్దూ చదువుకుని, తఖల్లుస్, అంటే కలం పేరు, పెట్టుకుని గజళ్లు రాసుకున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల గజల్ సభ దాకా వస్తే వచ్చేది, వాళ్ల గొంతు వచ్చేది కాదు. మగవాళ్లెవరో చదివేవారు. రాసిన మనిషి చిల్మన్ వెనక, సన్నటి వెదురు తెర అవతల కూర్చుని తన గజల్‌కు దక్కిన దాద్ తానే వినేది. ఆ తెర వెనకే ఉండిపోయిన పేర్లు ఎన్నో లెక్క తేల్చడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు.

హైదరాబాద్‌లో ఆ తెర ముందుకు వచ్చి కూర్చున్న మనిషిగా అందరూ మొదట తలుచుకునే పేరు మాహ్ లఖా బాయి. 1768లో పుట్టింది, అసలు పేరు చందా బీబీ, తఖల్లుస్ కూడా చందానే. ఆమె తల్లి రాజ్ కన్వర్ బాయి కుటుంబం గుజరాత్ వైపు నుంచి కదిలి, సంచార కళాకారుల బృందంలో చేరి, బుర్హాన్‌పూర్ మీదుగా దక్కన్‌కు వచ్చింది. తండ్రి బహదూర్ ఖాన్ ఉత్తరాది నుంచి వచ్చిన మొఘల్ కొలువు మనిషి. అంటే హైదరాబాద్ తన తొలి కవయిత్రిగా చెప్పుకునే మనిషి తల్లిదండ్రులిద్దరూ ఈ ఊరికి అతిథులే. ఆమె మాత్రం ఈ ఊరి మనిషే అయింది. గర్భంతో ఉన్న తల్లికి ఆపద వస్తే మౌలా అలీ కొండ మీద మొక్కుకున్నాక బిడ్డ క్షేమంగా దక్కిందని ఆ కుటుంబం నమ్మింది. ఆ నమ్మకం చందా కవిత్వంలో చివరిదాకా నిలిచింది. గజల్ ముగింపు ద్విపదలో కవి తన పేరు చెప్పుకోవడం రివాజు. ఆమె అక్కడ తన పేరుతో పాటు అలీని తలుచుకుంటుంది.

రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో ఆమె స్థానం ఇప్పటి మాటల్లో చెప్పడం కష్టం. తవాయఫ్ అన్న మాటకు ఈ రోజు అంటిన మచ్చతో ఆమెను కొలిస్తే ఏమీ అర్థం కాదు. పాట, నాట్యం ఆమె విద్యలు. వాటితోపాటు గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చింది. కోలార్, నిర్మల్, పానగల్ యుద్ధయాత్రల్లో నిజాం వెంట వెళ్లింది. జాగీర్లు సంపాదించింది. అడిక్‌మెట్ ఆమె జాగీరులో భాగం. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు నడిచే నేలలో కొంత ఆమె ఏలిన నేలే. సొంత గ్రంథాలయం పెట్టుకుంది, గులాం హుసేన్ జౌహర్ చేత చరిత్ర రాయించింది. షేర్ మహమ్మద్ ఖాన్ ఈమాన్ దగ్గర కవిత్వంలో మెళకువలు దిద్దుకుంది. మగ కవుల మధ్య ముషాయిరాలో కూర్చుని తన గజల్ తానే చదివిన తొలి స్త్రీ ఆమేనని హైదరాబాద్ చెప్పుకుంటుంది.

1798 నాటికి ఆమె దీవాన్ సిద్ధమైంది. దీవాన్ అంటే కవి గజళ్లన్నీ అంత్యప్రాసల అక్షరక్రమంలో కూర్చిన సంపుటి. మొత్తం 125 గజళ్లు, ఒక్కో గజల్‌కు సరిగ్గా అయిదు ద్విపదలు, ఎక్కడా ఒకటి ఎక్కువా లేదు తక్కువా లేదు. పంజతన్ అని అయిదుగురు పవిత్రమూర్తులను కొలిచే షియా భక్తికీ ఆ అంకెకూ సంబంధం ఉండే ఉంటుంది. సభలో చదివే కవి శ్రోతల ఉత్సాహం చూసి గజల్ పొడిగించడం మామూలు. ఆమె ఆ ఆశకు పోలేదు. చెప్పదలచింది అయిదింట్లో చెప్పి ఆగింది.

మరుసటి ఏడాది, 1799 అక్టోబరులో, ఒక సభలో తాను నాట్యం చేస్తూ మధ్యలో ఆగి ఆ దీవాన్ ప్రతి ఒకదాన్ని కెప్టెన్ జాన్ మాల్కమ్‌కు నజరానాగా ఇచ్చింది. మాల్కమ్ ఈస్టిండియా కంపెనీ అధికారి. అంతకుముందే హైదరాబాద్ రెసిడెన్సీలో పనిచేసినవాడు. ఆ ప్రతి సముద్రం దాటి లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కానుక ఇవ్వడంలో ఆమె లెక్క ఆమెకుంది. రాజకీయం తెలిసిన మనిషి, వచ్చినవాడి బలమేమిటో ఎరిగిన మనిషి. అయినా ఆ ఘట్టం తలుచుకుంటే ఒక మాట మనసులో మెదులుతుంది. ఊరి కవయిత్రి తన పుస్తకాన్ని అతిథి చేతిలో పెడితే అతిథి దాన్ని భద్రంగా దాచాడు. ఊళ్లో ఆ పుస్తకం అచ్చయి అందరికీ అందింది ఆమె పోయాకనే. ఆమె 1824లో కన్నుమూసింది.

ఇంకో పేరు కూడా ఇక్కడే చెప్పాలి. తొలి ఉర్దూ దీవాన్ కూర్చిన స్త్రీ చందా అనే చాలాకాలం నమ్మారు. తరవాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాన్ బయటపడింది. అది 1797 నాటిది, చందా దీవాన్‌కు ఏడాది ముందుది. ఇంతియాజ్ కూడా హైదరాబాద్ కవయిత్రే. తజ్కిరా, అంటే కవుల పరిచయ గ్రంథం, రాసిన అసద్ అలీ ఖాన్ తమన్నా భార్య, పరదా చాటు ఇల్లాలు. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఇద్దరు స్త్రీలు, ఒకరు కొలువులో, ఒకరు జనానాలో, తమ జీవితకాలపు కవిత్వాన్ని అక్షరక్రమంలో పేర్చుకుంటూ కూర్చున్నారు. సభ తెలిసిన మనిషి పేరు నిలిచింది. ఇంటి గడప దాటని మనిషి పేరు మళ్లీ దొరకడానికి తరాలు పట్టింది. సభలో గొంతు వినిపించడానికీ పేరు బతికి ఉండడానికీ మధ్య ఎంత లంకె ఉందో ఈ ఒక్క ఏడాది తేడా చూపిస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ మాట వింటే తంజావూరు గుర్తురాకుండా ఉండదు. చందా కన్నా దాదాపు నూటయాభై ఏళ్ల ముందు, రఘునాథ నాయకుడి కొలువులో, స్త్రీలు కవిత్వం చదివే సభ ఉండేది. తమిళ నేల మీద తెలుగులోనూ సంస్కృతంలోనూ నడిచిన కొలువు అది. అక్కడ రాజుతో సహా అందరి భాషా అతిథిదే. రామభద్రాంబ రాసిన రఘునాథాభ్యుదయం పన్నెండు సర్గల సంస్కృత కావ్యం. గంటకు నూరు పద్యాలు చెప్పే శతలేఖినులు, ఎనిమిది భాషల్లో కవిత్వం చెప్పగలిగిన స్త్రీలు ఆ కొలువులో ఉన్నారని అందులో వర్ణించింది. కావ్యంలో కొంత అతిశయం ఉంటుందని ఒప్పుకున్నా, ఆ వర్ణన రాసిన చెయ్యే ఒక స్త్రీది. మధురవాణి రఘునాథుడి తెలుగు రామాయణాన్ని సంస్కృతంలోకి తెచ్చింది. తరవాతి రాజు విజయరాఘవుడి కాలంలో రంగాజమ్మ కనకాభిషేకం అందుకుంది.

అదే తంజావూరులో 18వ శతాబ్దంలో, మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలంలో, ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. కావ్యం మొదట్లో కవులు తమ వంశం చెప్పుకుంటారు, సాధారణంగా అది తండ్రీ తాతల వరుస. ముద్దుపళని తన వంశంలోని స్త్రీల వరుస చెప్పింది. ఆ కావ్యాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమని ప్రతులు పట్టుకుంది. నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. మైసూరు సీమలో పుట్టి పెరిగి, మద్రాసులో స్థిరపడ్డ గాయని నాగరత్నమ్మ. తనకు నూటయాభై ఏళ్ల ముందటి తంజావూరు స్త్రీ కోసం పండితులతోనూ సర్కారుతోనూ తలపడింది. ఈ కథ హైదరాబాద్‌కు ఎలా వచ్చి చేరిందో ముందు ముందు చెప్పుకోవచ్చు.

హైదరాబాద్‌లో చందా తరవాత చాలాకాలం స్త్రీ గొంతు మళ్లీ జనానాకే పరిమితమైంది. మళ్లీ బయటికి వచ్చినప్పుడు ఆ గొంతు ఇంగ్లీషులో వచ్చింది.

సరోజినీ నాయుడు 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో పుట్టింది. ఆమె తల్లిదండ్రులు కూడా దూరం నుంచి వచ్చినవాళ్లే. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ కళాశాల స్థాపించాడు, అదే తరవాత నిజాం కళాశాల అయింది. తల్లి వరదసుందరి బెంగాలీలో కవిత్వం రాసేది. సరోజిని పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ దాటింది. 1895లో నిజాం ఇచ్చిన ఉపకారవేతనంతో ఇంగ్లండు వెళ్లింది. అక్కడ ఆమె అతిథి కవయిత్రి, ఆతిథ్యమిచ్చింది లండన్ సాహిత్య లోకం. విమర్శకుడు ఎడ్మండ్ గాస్ ఆమె తొలి కవితలు చదివి, ఇంగ్లీషు పక్షులను, ఇంగ్లీషు పొలాలను వదిలేసి నీ దక్కన్‌ను రాయమన్నాడు. ఆమె ఆ సలహాను మనసుకు పట్టించుకుంది. 1905లో వచ్చిన తొలి సంపుటికి ఆర్థర్ సైమన్స్ ముందుమాట రాశాడు. అందులో హైదరాబాద్ సంజెవేళ ఉంది, గోల్కొండ సమాధులున్నాయి, పరదా వెనక ఉన్న స్త్రీ కూడా ఉంది.

పుస్తకం పేరు ది గోల్డెన్ థ్రెషోల్డ్, తెలుగులో బంగారు వాకిలి అనుకోవచ్చు. నాంపల్లిలోని వాళ్ల ఇంటికి కూడా అదే పేరు స్థిరపడింది. కవితా సంపుటి పేరు ఇంటి పేరయిన సందర్భం మన ఊళ్లలో ఇంకోటి చెప్పడం కష్టం. మద్రాసులో కందుకూరి వీరేశలింగం దగ్గరుండి బ్రాహ్మ పద్ధతిలో జరిపించిన పెళ్లితో, 1898లో, ఆ బెంగాలీ పిల్ల తెలుగు డాక్టర్ గోవిందరాజులు నాయుడి ఇల్లాలయింది. బెంగాలీ పుట్టిల్లు, తెలుగు మెట్టినిల్లు, ఊరి మాట ఉర్దూ, రాత ఇంగ్లీషు. ఆ వాకిలి దాటి లోపలికి వచ్చినవాళ్లలో నవాబుల ఇళ్ల బేగంలూ ఉన్నారు, దేశ నాయకులూ ఉన్నారు. 1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తినప్పుడు ఆమె చేసిన సేవకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. వరద ఒడ్డున పనిచేసినప్పుడు దగ్గరగా చూసిన జనానాల ప్రపంచం ఆమె మాటల్లో తరవాత ఎన్నోసార్లు పలికింది.

1917లో మూడో సంపుటి వచ్చాక ఆమె జీవించి ఉండగా కొత్త కవితల పుస్తకం రాలేదు. గొంతంతా ఉపన్యాసానికి ఇచ్చేసింది. నాలుగో సంపుటిని కూతురు పద్మజ 1961లో అచ్చు వేయించింది, అప్పటికి తల్లి పోయి పన్నెండేళ్లు. ఇల్లు కూడా ఆ కూతురి చేతి మీదుగానే కొత్తగా మొదలవుతున్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి చేరింది. 1974లో ఆ విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది ఈ బంగారు వాకిట్లోనే.

సరోజిని కాలంలోనే ఇదే ఊళ్లో ఉర్దూలో రాసిన సుగ్రా హుమాయూన్ మీర్జాను తెలుగువాళ్లు అంతగా తలవరు. తలవాలి. హయా అన్న తఖల్లుస్‌తో కవిత్వం రాసింది, అన్నిసా అనే స్త్రీల పత్రిక నడిపింది, ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టింది. పరదా వదిలి బయట తిరిగిన తొలితరం హైదరాబాద్ స్త్రీలలో ఒకరు. ఊళ్లు, దేశాలు తిరిగి యాత్రా గ్రంథాలు రాసింది. వెళ్లిన ప్రతిచోటా అక్కడి ఆడవాళ్ల సభల్లో మాట్లాడి, తిరిగి వచ్చి ఇక్కడి ఆడవాళ్లకు ఆ ముచ్చట చెప్పేది. అతిథిగా వెళ్లి నేర్చుకున్నది ఆతిథ్యంలో ఖర్చుపెట్టిన మనిషి ఆమె. హుమాయూన్ నగర్ అని రోజూ పలికే ఊరివాళ్లకు ఆ పేరులో ఉన్నది ఆమె భర్త పేరని తెలిసి ఉండకపోవచ్చు.

తెలుగు సంగతి వేరు. ఊరి జనంలో ఎంతోమంది మాట్లాడే భాషకే సభలో చోటు లేదు, ఇక ఆ భాషలో రాసే స్త్రీకి చోటు ఎక్కడిది? 1921 నవంబరు 12న వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు ధోండో కేశవ్ కర్వే, స్త్రీల కోసం విశ్వవిద్యాలయం స్థాపించిన మహానుభావుడు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే శ్రోతలు గోల చేసి ఆపించారు. ఆ అవమానం భరించలేక ఆ రాత్రే కొందరు కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టారు. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మనిషి అధ్యక్షత వహించిన సభలోనే ఇలా జరిగిందంటే, ఎవరికి ఏ వేదిక దక్కుతుందన్నది మంచి మనసొక్కటే తేల్చే విషయం కాదని తెలుస్తుంది.

ఆ తరవాత ముందు బడి వచ్చింది, సభ దాని వెనక వచ్చింది. 1928లో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పూనికతో ఆడపిల్లలకు తెలుగు బడి మొదలైంది. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలిసారి జరిగినప్పుడు, దాని పక్కనే స్త్రీల సభ కూడా నడిచింది, అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. 1934లో ఖమ్మం మహిళాసభకు ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షురాలు, బాపట్లలో పుట్టి హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన రచయిత్రి. ఇల్లిందల సరస్వతీదేవి పుట్టింది నరసాపురంలో, కథకురాలిగా ఎదిగింది హైదరాబాద్‌లో. సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న తొలి తెలుగు రచయిత్రి అయింది 1982లో. కోస్తా నుంచి కోడళ్లుగా వచ్చిన ఈ స్త్రీలు కొన్నేళ్లకే అతిథి అన్న పేరు వదిలేసి, తరవాత వచ్చేవాళ్లకు స్వాగతం చెప్పే స్థానంలోకి మారారు. ఆంధ్ర యువతీ మండలి లాంటి సంఘాల్లో కుట్టుపని, చదువు, నాటకం, పాట అన్నీ ఒకే గదిలో నడిచాయి. కవిత చదవడం కూడా అందులో ఒకటి.

ఊళ్లు తిరిగి స్త్రీల సమాజాలు పెట్టించే పని అటు కోస్తాలో ముందే మొదలైంది. భండారు అచ్చమాంబ భర్త ఉద్యోగరీత్యా మధ్య పరగణాల్లో కాపురం ఉండేది. 1902లో బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. ఆ తరవాత తెలుగు ఊళ్లు తిరిగి, ఊరికి ఒక సమాజం పెట్టించే పనిలో పడింది. బయటి నుంచి వచ్చి మాట్లాడేది ఆమె, ఆ సమాజాన్ని నిలబెట్టేది ఊరి స్త్రీలు. ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాలలో పాతకాలపు కవయిత్రుల కథలు కూడా ఉన్నాయి. 1905లో, ముప్పైల్లోనే, ఆమె పోయింది. యాభై ఏళ్లు తిరగకుండానే ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ ఆంధ్ర కవయిత్రులు అన్న పుస్తకంలో వాళ్లందరినీ ఒకచోట చేర్చింది. వేదిక మీద ఆశువుగా పద్యం చెప్పగల మనిషి కనకే మరుగున పడిన గొంతులను వెతకాలన్న తపన ఆమెకు కలిగిందనిపిస్తుంది.

ఉగాది కవిసమ్మేళనం కరపత్రాలు దాచుకునే అలవాటు ఉన్నవాళ్లు పాతవి తీసి చూడవచ్చు. పదిహేను ఇరవై పేర్ల మధ్య శ్రీమతి అన్న మాటతో మొదలయ్యే పేరు ఒకటి ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. ప్రార్థనాగీతం పాడే అమ్మాయి పేరు మాత్రం తప్పకుండా ఉంటుంది. ముషాయిరాలో ఇంకో చిక్కు. అక్కడ కవిత్వాన్ని మామూలుగా చదవడం ఒక పద్ధతి, రాగయుక్తంగా తరన్నుమ్‌లో చదవడం ఇంకో పద్ధతి. స్త్రీ తరన్నుమ్‌లో చదివితే దాద్ గొంతుకే వెళ్లిపోతుంది, మాట వెనకబడుతుంది. పైగా ఈ గజల్ ఏ ఉస్తాదో రాసిచ్చి ఉంటాడన్న గుసగుస. మగ కవికి ఉస్తాద్ ఉండడం గౌరవం, స్త్రీకి అదే అనుమానం. స్త్రీలు తమ సభలు తాము పెట్టుకోవడానికి ఈ గుసగుస కూడా ఒక కారణం. హైదరాబాద్‌లో ఉర్దూ రచయిత్రుల మెహఫిల్-ఎ-ఖవాతీన్ అలా పుట్టిన సంఘమే. రచయిత్రులు ఒకరి రచన ఒకరు విని, అక్కడే మంచీచెడూ చెప్పుకోవడం దాని పద్ధతి.

ఎనభైల్లో తెలుగు స్త్రీల కవిత్వం ఒక్కసారిగా గొంతు మార్చింది. రేవతీదేవి శిలాలోలిత 1981లో వచ్చింది, కవయిత్రి అప్పటికే లేదు. ఆ దశాబ్దంలో జయప్రభ, సావిత్రి, కొండేపూడి నిర్మల, ఘంటశాల నిర్మల, విమల, పాటిబండ్ల రజని రాసినవి పత్రికల్లో వస్తుంటే, ఇది కవిత్వమేనా అని కోపగించుకున్నవాళ్లు ఎందరో. నీలి కవిత్వం అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో నీలిమేఘాలు సంకలనం వచ్చింది. ఒక్కొక్కరూ ఒంటరిగా మాటలు పడిన కవయిత్రులు ఆ పుస్తకంలో పక్కపక్కన కూర్చున్నారు. సభలో ఒక్క శ్రీమతిగా కూర్చోవడానికీ, ఒక వరుసగా కూర్చోవడానికీ తేడా ఏమిటో అది చూపించింది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే తంజావూరు కథ హైదరాబాద్ చేరింది. సూసీ తారు, కె. లలిత ఈ ఊళ్లో ఉండి చేసిన పని 1991, 1993ల్లో రెండు సంపుటాలుగా న్యూయార్క్ నుంచి వెలువడింది. పదకొండు భారతీయ భాషల్లో స్త్రీల రచనలను బౌద్ధ భిక్షుణుల పాటల నుంచి ఈ కాలం దాకా కూర్చిన గ్రంథమది. దాని ఉపోద్ఘాతం ఎత్తుకున్నదే ముద్దుపళని, నాగరత్నమ్మల కథతో. ప్రభుత్వం పట్టుకున్న తెలుగు కావ్యం ఎనభై ఏళ్ల తరవాత, భారతీయ స్త్రీల సాహిత్యానికి ముఖద్వారంలో నిలబడింది.

అయితే వేదిక ఎవరిది, అతిథి ఎవరు అన్న ప్రశ్న అంతటితో తీరలేదు. దళిత, బహుజన, ముస్లిం కవయిత్రులు ఆ ప్రశ్నను స్త్రీల సభల్లోనే లేవనెత్తారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన నల్లపొద్దు 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవాటిని బయటికి తెచ్చింది. ఇక్కడి నేలలో వేళ్లున్న గొంతులను స్త్రీవాద సభలు కూడా పిలిస్తే వచ్చే అతిథుల్లా చూశాయని జూపాక సుభద్ర లాంటివాళ్లు నిలదీశారు. ఆ నిలదీత న్యాయమైనది, అప్పటికే ఆలస్యమైనది కూడా. షాజహానా, మహెజబీన్ తెలుగులో రాసి, ఇంట్లో ఉర్దూ పలికే స్త్రీ అనుభవాన్ని తెలుగు కవిత్వంలోకి తెచ్చారు. పాతబస్తీలో జమీలా నిషాత్ ఉర్దూలోనూ, ఇళ్లలో మాట్లాడుకునే దక్కనీలోనూ రాస్తోంది. కవిత్వంతో ఆగకుండా 2002లో షాహీన్ అనే సంస్థ పెట్టి, హింసకు గురైన ఆడపిల్లలకు అండగా నిలిచింది. ఆమె చదివే దక్కనీ తెలుగు శ్రోతకు అనువాదం లేకుండానే చాలావరకు అర్థమవుతుంది. రెండు భాషలూ ఒకే సంతలో, ఒకే కుళాయి దగ్గర తిరిగినవే కదా.

2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ తెరుచుకుంది, అదే ఏడాది హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ మొదలైంది. ఫెస్టివల్‌లో ఏటా ఒక దేశాన్ని అతిథిగా పిలిచి, ఒక భారతీయ భాషను ప్రత్యేకంగా తీసుకునే పద్ధతి ఉంది. బయటి భాష కవయిత్రి, ఇక్కడి కవయిత్రి ఒకే గంటలో ఒకరి తరవాత ఒకరు చదవడం ఇప్పుడు వింత కాదు. షమా పోయి మైకు వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఎవరు మెహమాన్, ఎవరు ముఖామీ అన్నది ఒక్కోసారి వాళ్లు చదివే భాష వింటే గానీ తెలియదు.

మౌలా అలీ కొండ కింద మాహ్ లఖా తన తల్లి కోసం 1792లో కట్టించిన సమాధి మందిరం ఉంది. నాలుగు భాగాల తోట, నీటి కాలువ, యాత్రికులు దిగడానికి చోటు అన్నీ ఆమే కట్టించింది. చివరికి ఆమెనూ అక్కడే, తల్లి పక్కన పూడ్చారు. ఏళ్లతరబడి పాడుబడి ముళ్లపొదలు కమ్మిన ఆ చోటును 2010-11లో బాగుచేశారు. ఆమె మీద పెద్ద పరిశోధన చేసిన స్కాట్ కుగల్ చొరవ, అమెరికా ప్రభుత్వ నిధి అందుకు తోడయ్యాయి. మాల్కమ్ చేతికి వెళ్లిన దీవాన్ లండన్‌లోనే ఉంది. రజబ్ నెలలో ఉర్సుకు కొండ ఎక్కేవాళ్లు, హిందువులూ ముస్లిములూ, తెలుగులోనూ దక్కనీలోనూ మాట్లాడుకుంటూ ఆ ప్రహరీ దాటి వెళతారు. లోపల తలుపు మీద రాసి ఉన్న పలకలో మాహ్ లఖా పేరు ఉంది. చదివి వినిపించేవాళ్లెవరైనా పక్కన ఉంటే ఒక నిమిషం ఆగి వింటారు.